మా ఆయన కాంట్రాక్టరు బోర్డు

1978 జూన్ 4, ఆదివారం ఉదయం ఎనిమిదింపావుకి మల్కాపురంలో మా గుమ్మం పైన బోర్డు ఎక్కింది. ఎర్ర రంగు మీద తెల్ల అక్షరాలతో మా ఆయన పేరు, దాని కింద ‘పెయింటింగ్ కాంట్రాక్టర్’. రంగు ఓడలకు వేయగా మిగిలింది. రాసింది ఆయనే. కంచరపాలెంలో ఉండే మా తమ్ముడికి రైల్వే ఉద్యోగం వచ్చి అప్పటికి నెల కాలేదు. అసలు కారణం అదే.

మా ఆయనది పోర్టులో ఓడలకు రంగు వేసే కూలిపని. మా ఊరి నుంచి ఎనిమిది మందిని తెచ్చి పనిలో పెట్టాడు కాబట్టి తనూ కాంట్రాక్టరేనని ఆయన లెక్క. వాళ్ళందరికీ కూలి ఇచ్చే అసలు కాంట్రాక్టరు వేరే ఉన్నాడు.

“ఏటి బావా, బోర్డు నీకన్నా పొడుగుంది?” అన్నాడు మా తమ్ముడు.

“నీ ఉద్యోగం ఒకడిచ్చింది. ఇది నాను రాసుకున్నది,” అన్నాడు ఈయన.

ఆ నవంబరు 14న మా ఆయన నిలబడి రంగు వేస్తున్న, ఓడ పక్కన వేలాడే పలక తాడు తెగింది. పలక ఊగి ఆయన కుడిచేతిని ఓడకేసి నొక్కేసింది. చూపుడు వేలు, మధ్య వేలు పోయాయి. మిగిలిన వాటితో కుంచె నిలవదు. ఇక పరిహారం ఒక్కటే మాకు దిక్కు.

అడిగితే కాంట్రాక్టరు, “ఆడు నా మనిషేటి? ఆడే ఓ కాంట్రాక్టరు!” అన్నాడు.

కార్మిక శాఖ ఆఫీసులో కేసు పెట్టాం. విచారణ రోజున రిక్షాలోంచి మా బోర్డు దిగింది! ముందురోజు నేను నీళ్ళకు వెళ్ళినప్పుడు కాంట్రాక్టరు గుమాస్తా వచ్చి, “అచ్చరాలు బాగున్నాయట, మా అయ్యగారు సూత్తారట” అన్నాడట. మా ఆయన మురిసిపోయి, ఎడమచేత్తో మేకులు పీకి మరీ ఇచ్చాడు.

అధికారి బోర్డును చూసి, ఈయన్ని చూశారు. “నువ్వు కాంట్రాక్టరువా, కూలీవా?”

వెనక బెంచీ మీద ఆ ఎనిమిది మందీ, పక్కనే మా తమ్ముడూ ఉన్నారు. ఈయన మీసం దువ్వుకున్నాడు.

“మావా, మీసం తరవాత. ముందు బాబుకి జవాబు సెప్పు,” అన్నాను.

అధికారి ఇక లాభం లేదని కాంట్రాక్టరు వైపు తిరిగారు. తాడు ఎవరిది? “నాదే బాబూ.” రంగు, కుంచెలు? “నాయే.” ఇతను ఆలస్యంగా వస్తే?

“ఊరుకుంటానేటి? అరపూట కూలి కోసీసీవోన్ని!”

“కాంట్రాక్టరుకు కూలి కోసే కాంట్రాక్టర్ని ఇప్పుడే చూస్తున్నాను,” అన్నారు అధికారి.

బెంచీ మొత్తం నవ్వింది. ఆ నవ్వులోనే మా ఆయన తల వంచుకుని, “కూలోన్నే బాబూ. బోర్డు సరదాకి రాసుకున్నాను,” అన్నాడు.

పరిహారం కట్టమంటే కాంట్రాక్టరు తన దగ్గర డబ్బు లేదన్నాడు. అయితే ఓడ పని అప్పగించిన కంపెనీయే ముందు కట్టి, తర్వాత అతని దగ్గర రాబట్టుకోవాలని అధికారి తేల్చారు. తన పని మరొకరి చేత చేయించుకున్నంత మాత్రాన, అందులో దెబ్బతిన్న మనిషి బాధ్యత కంపెనీకి తప్పదట. చట్టమే అలా ఉందట.

ఆ డబ్బుతో రంగుల కొట్టు పెట్టాం. కొట్టు బోర్డు మాత్రం వేరే పెయింటరు చేత రాయించాం. అతను రాస్తున్నంతసేపూ ఈయన పక్కన నిలబడి వంకలు పెడుతూనే ఉన్నాడు. పాత బోర్డు కేసు కాగితాలతో పాటు ఆఫీసులోనే ఉండిపోయింది.

పోయినవి: కుడిచేతి వేళ్ళు రెండు, బోర్డు ఒకటి, మేకులు నాలుగు.