కో ఖైన్ తలపెట్టని తిరుగుబాటు

మా దేశ చరిత్రను నడిపించిన మహాశక్తులలో, గొడుగులు కట్టే కో ఖైన్ మధ్యాహ్నపు కునుకు ఒకటి. గోంగూర పులుసుతో అన్నం తిన్నాక, ఏ ప్రభువు ఏలుతున్నా సరే, అతను నడుం వాల్చవలసిందే. ఆ సుఖానికి అప్పటి రాజు నోచుకోలేదు. సింహాసనమెక్కి ఏడు నెలలు, తిరుగుబాట్లు తొమ్మిది. ఆయన రాజ్యం ఏలాడనడం కంటే, ఒక తిరుగుబాటు నుంచి ఇంకో తిరుగుబాటుకు ప్రయాణం చేశాడనడం న్యాయం.

తెల్లగొడుగు కింద ఉండే హక్కు మాలో రాజుకొక్కడికే. అది కో ఖైన్‌కూ తెలుసు. కానీ వానకు తడవకుండా తుమికికాయ రసం పూసి నల్లబరిచేదాకా ఏ గొడుగైనా తెల్లగానే ఉంటుంది. ఆ రోజు కొత్తగా గుడ్డ బిగించిన పెద్ద గొడుగొకటి వాకిట్లో నిలబెట్టి ఉంది. ఎండ మండిపోతోంది. అతను దాని నీడలో పడుకున్నాడు.

ముందుగా చూసినవాడు తాటికల్లు గీసే ఊ ప్యే. చూసి మోకరిల్లాడు. కొత్త రాజు ఏ గుడిసెలోంచి లేస్తాడో తెలియని రోజుల్లో వెనకబడితే పదవి పోతుందని ఆయన దూరాలోచన. సాయంత్రానికి నలభైమంది ఈటెలతో, అరటిగెలలతో చేరి మంత్రిపదవులు పంచుకున్నారు. ధనాగారం పదవి దగ్గర కొట్టుకున్నారు కూడా. తాను రాజును కానని కో ఖైన్ మొత్తుకుంటే, అసలైన రాజులు మొదట అలాగే అంటారని ఊ ప్యే అందరికీ ధైర్యం చెప్పాడు.

“పట్టాభిషేకంలోగా ఆ గొడుగుకి రసం పూస్తావా, నన్ను పూయమంటావా?” అంది కో ఖైన్ భార్య, పేరు మా ఓన్.

“పూస్తానే. ఈ మంత్రులు దాని చుట్టూ సాగిలపడ్డం మానితే కదా.”

వాళ్లు మానలేదు. మూడోరోజు రాజుగారి దండు వచ్చింది. మంత్రివర్గం మొత్తం చెరుకుతోటలో పడి మాయమైంది. కో ఖైన్‌ను చింతచెట్టుకు కట్టి, దళపతి కత్తి నూరించాడు.

“పదోవాడివి నువ్వేనా?”

“గొడుగులు కట్టుకునేవాణ్ణయ్యా. రంగెయ్యలేదు, అంతే.”

“పోయిన నెల ఒకడు కుండలు చేసుకునేవాణ్ణన్నాడు. నమ్మి వదిలేశాం. ఇప్పుడు వాడికి మూడొందల ఏనుగులు.”

మా ఓన్ రసం కుండ తెచ్చి ముందు పెట్టింది. దళపతి దానివంక చూడనైనా లేదు. అంతలో రౌతు ఒకడు రొప్పుతూ వచ్చాడు. రాజధాని తలుపులు తెరుచుకున్నాయట. రాజుగారి పని అయిపోయిందట. లోపల కూర్చున్నది ఆ కుండలవాడేనట.

ఆ క్షణం నుంచి తిరుగుబాటుదారు దళపతే. కొండల్లోకి పారిపోవడానికి బండ్లకు సామాను ఎత్తించాడు. కట్టడానికి తాళ్లు చాల్లేదు. కో ఖైన్‌ను కట్టిన తాడు విప్పి పట్టుకుపోయారు.