దారి తప్పిన మందు

ప్రయోగశాలలో వాళ్లు ఆమెను చాటుగా రేణువులావిడ అంటారు. కణాలు పెంచే పళ్లేలను అంచుదాకా పోసిన టీ కప్పుల్లా రెండు చేతులతో మోసుకొస్తుంది. కళ్లజోడు తలమీదికి తోసి, ఊపిరి బిగబట్టి మైక్రోస్కోపులోకి చూస్తుంది. కంటికి ఆనని మందు రేణువులకు తొడుగు వేయడం ఆమె పని. కేన్సర్ కణం పైపొర మీదుండే ఒక ఎంజైము ఆ తొడుగును కొరికితేనే మందు లోపలికి దిగాలి. మంచి కణాల జోలికి పోకూడదు. కీమోతో ఆమె చెల్లెలి జుట్టంతా ఊడిపోయిందని అక్కడ పై అధికారి ఒక్కడికే తెలుసు.

మందు దిగిన కణం వెలిగేలా అందులో ఒక రంగు కలిపింది. ఆ రోజు కేన్సర్ కణాలు పచ్చగా వెలిగాయి. పక్క పళ్లెంలో చీకటిగా ఉండాల్సిన మంచి కాలేయ కణాలు కూడా మసకగా వెలిగాయి. ఆ ఎంజైము వాటి మీదా కొంచెం ఉందన్నమాట. మర్నాడు పని చూడటానికి బయటి నిపుణులు వస్తున్నారు. అధికారి తొంగిచూసి, "కాస్త వెలుతురు తగ్గించి ఫొటో తియ్యమ్మా, కనబడదు" అన్నాడు.

"ఫొటోలో కనబడదండీ. ఒంట్లో కనబడుతుంది" అంది ఆమె తలెత్తకుండానే.

ఆయన "సరే, ఉన్నదున్నట్టే చూపిద్దాం" అని వెళ్లిపోయాడు.

సాయంత్రం ఇంట్లో చెల్లెలు మంచం మీదనుంచే అడిగింది. "ఏమందక్కా నీ మందు?"

"ఇంకా పక్కింటి తలుపు కూడా తడుతోందే."

"అయితే దానికి బుద్ధొచ్చేదాకా నాకు పాతదే ఉండనీ."

ఇద్దరూ నవ్వారు. నవ్వు ఆగాక ఆమె మంచం పక్కనున్న వాంతి గిన్నె తీసుకుని కడగడానికి వెళ్లింది.