అన్న పేర్చిన ఆఖరి చౌరస్తా

మొన్న దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కాను. పక్క సీట్లో ఒకావిడ ఫోనులో చదరంగం లెక్క చేస్తోంది. ఒకే ఒక్క ఎత్తుతో అవతలివాళ్ల కాయలు ఎన్నింటిని ఇరకాటంలో పెట్టవచ్చో కనిపెట్టాలి. ఆవిడ గుర్రాన్ని వేలితో జరిపింది. రాజు, మంత్రి, ఏనుగు మూడూ ఒక్కసారే దాని దెబ్బ కిందికి వచ్చాయి. ఎల్బీనగర్ వచ్చినా నేను ఆ గుర్రాన్నే చూస్తూ కూర్చున్నాను. అదే ఆఖరి స్టేషన్ కాబట్టి సరిపోయింది, లేకపోతే ఎక్కడిదాకా పోయేదాన్నో.

మా అన్న అలాంటి ఎత్తును చౌరస్తా అనేవాడు. సిటీ బస్సు డ్రైవరు, ఎల్బీనగర్ చౌరస్తాలో ఏళ్ల తరబడి స్టీరింగు తిప్పినవాడు, ఆయనకు ఇంకో మాట ఎందుకు తోస్తుంది? "గుర్రం చౌరస్తల నిలవడ్డదనుకో, ఏ దిక్కుకు పోయేటోడైనా ఆగాల్సిందే చెల్లె," అనేవాడు. డ్యూటీకి పోయేముందు ఫ్రిజ్ మీది చదరంగం బల్లపై ఒక లెక్క పేర్చి పోవడం ఆయన అలవాటు. ఆదివారం నేను చంపాపేట్ నుంచి వాళ్లింటికి వస్తే, జవాబు చెప్పేదాకా చాయ్ కప్పు ముట్టనిచ్చేవాడు కాదు. నాకు జవాబు దొరకడం గగనం కాబట్టి ఎక్కువగా చల్లారిన చాయే తాగాను. మా వదినకు ఆ ఆటంటే పొడ గిట్టదు. ఫ్రిజ్ తలుపు తీసినప్పుడల్లా కాయలు దొర్లుతాయని ఆమె బాధ. నల్గొండ దగ్గరి మా ఊరి నుంచి ఇక్కడి కిరాయి గదికి మారినప్పుడు తెల్ల గుర్రం ఒకటి ఎక్కడో పడిపోయింది. అన్న కొత్త సెట్టు కొననివ్వలేదు. ఒక అంగీ గుండీ తెచ్చి గడిలో పెట్టి, "గిదే మన గుర్రం," అన్నాడు. ఆ సంగతి ఆయనకూ నాకూ తప్ప ఎవరికీ పట్టలేదు.

రిటైర్మెంటు ఇంకో ఏడాది ఉందనగా, ఒక పొద్దున డ్యూటీకి తయారవుతూ కూలిపోయాడు. కుడి చెయ్యి, కుడి కాలు, మాట మూడూ ఒక్కసారే పోయాయి. దవాఖానలో కళ్లు తెరిచి చూస్తుండేవాడు. మమ్మల్ని గుర్తుపడుతున్నాడో లేదో డాక్టరు కూడా చెప్పలేకపోయాడు. మాకు కావలసింది అదొక్కటే. లోపల మా అన్న ఉన్నాడా, లేడా?

నాకో ఆలోచన వచ్చింది. పడిపోయిన పొద్దున పేర్చిన లెక్క ఇంకా ఫ్రిజ్ మీదే ఉంది. ఏ కాయ ఏ గడిలో ఉందో కాగితం మీద రాసుకుని, అన్నీ సంచిలో వేసుకుపోయి, మంచం మీద ఆయన ముందు ఉన్నదున్నట్టు పేర్చాను. "అన్నా, చౌరస్తా ఏడుందో జర చూపియ్యి," అన్నాను.

ఆయన చాలాసేపు బల్లను చూశాడు. తర్వాత ఎడమచేత్తో తన అంగీ గుండీ పట్టుకుని లాగడం మొదలుపెట్టాడు. లాగుతూ నా మొహంలోకి చూశాడు. మళ్లీ లాగాడు. "ఉడుకపోస్తున్నట్టుంది," అని వదిన అంగీ విప్పేసింది. ఆయన ఆ అంగీ కోసం చెయ్యి చాపాడు, అందక బల్లను తోసేశాడు. మంచం కింద కాయలు ఏరుతూ ఆ మాట అన్నది నేనే. "అన్నకు ఏం తెల్వట్లే వదినా. ఇగ ఆశ పెట్టుకోకు."

ఆ ఇంట్లో నా మాటంటే గురి. ఆ ఆట తెలిసినదాన్ని నేనే కదా. ఆ రోజు నుంచి ఆయనతో మాట్లాడటం మానేశాం. ఆయన పక్కనే కూర్చుని, ఇంకా ఎన్నాళ్లుంటాడో అని మాట్లాడుకున్నాం. టీవీ చూస్తూ అన్నం తినిపించాం. ఎనిమిది నెలలకు పోయాడు.

దినాలయ్యాక బట్టలు మడతపెడుతున్నాం. దవాఖానలో విప్పేసిన ఆ అంగీకి ఒక గుండీ వేరేగా ఉంది. మిగతావి నాలుగు తూట్లవి, ఇది రెండు తూట్లది, అంచు పసుపెక్కింది.

"గీ గుండీ ఏడిది వదినా?"

"మీ అన్న పడ్డనాడు గా బల్ల మీద దొరికింది. అంగికి ఊడిందేమో, కుట్టమని పెట్టిండనుకున్న. దవాఖానకు మంచి అంగి కావాలె గదా, కుట్టిన."

ఆమెనేమనను? మొగుడు అడిగాడనుకుని చేసిపెట్టింది. తెలిసీ చూడని మొద్దును నేను. గుర్రమే లేని లెక్కను ఆయన ముందు పేర్చాను. లేదని ఆయన కనిపెట్టాడు, ఎక్కడుందో కనిపెట్టాడు, ఉన్న ఒక్క చేత్తో చూపించాడు కూడా. వదిన అంగీ విప్పుతుంటే నేను చూస్తూ ఊరుకున్నాను.

ఆ సాయంత్రం దారం కత్తిరించి, అప్పుడు రాసుకున్న కాగితం చూసి కాయలు మళ్లీ పేర్చి, గుండీని ఒక్కో ఖాళీ గడిలో పెట్టి చూశాను. ఒకచోటి నుంచి ఎగరగానే రాజు, మంత్రి, రెండు ఏనుగులు దాని దెబ్బ కిందికి వచ్చాయి. జవాబు దొరికినందుకు ఏడ్చాను.

వదినకు ఇంతవరకు చెప్పలేదు, చెప్పే ధైర్యం నాకు లేదు. ఎనిమిది నెలలే కదా, ఎక్కువ రోజులు మంచాన పడలేదు, అదృష్టవంతుడు అని చుట్టాలు నన్ను ఓదారుస్తారు. పక్కన మనుషులుండీ ఒక్కరూ తనతో మాట్లాడని ఎనిమిది నెలలు ఎంత పొడుగో మా అన్న ఒక్కడికే తెలుసు.