జోబ్ యాండిల్‌ను మోసిన చెట్టు

ఇంగ్లీషువాళ్ల సీమలోని సోమర్సెట్ పల్లెల్లో గుర్రపుబండ్ల కాలంలో పసివాడికి పేగు జారి పొత్తికడుపు ఉబ్బితే వైద్యుడి కోసం పరుగెత్తేవారు కాదు, గొడ్డలి పట్టుకుని తోపులోకి వెళ్లేవారు. లేత యాష్ చెట్టును నిలువునా చీల్చి, సూర్యోదయాన బిడ్డను దిసమొలతో ఆ చీలికలోంచి తండ్రి అందిస్తే అవతల ఇంకొకరు అందుకునేవారు. తరువాత చీలికకు బంకమట్టి మెత్తి గడ్డితాడుతో బిగించేవారు. చెట్టు అతుక్కుంటే బిడ్డకూ నయమైనట్టే. అయితే ఆ చెట్టును ఎప్పుడు నరికినా పేగు మళ్లీ జారుతుందని, ఈసారి మనిషిని వెంటబెట్టుకునే పోతుందని అందరికీ తెలుసు.

జోబ్ యాండిల్ అలా చెట్టులోంచి వచ్చినవాడు. పెద్దయ్యాక పారలకూ గొడ్డళ్లకూ పిడులు చెక్కే పనిలో కుదిరాడు. సాగే గుణం ఉన్న యాష్ కర్రే పిడులకు శ్రేష్ఠం గనక, తన ప్రాణదాత బంధువులను చెక్కుకుంటూ బతికాడన్నమాట. రోజూ చెట్టును పలకరించాకే రొట్టె ముట్టేవాడు. గాలివాన వస్తే భార్య థిర్జాను లేపి కూర్చోబెట్టేవాడు. యాష్ చెట్టు చిగురించడంలో బద్ధకస్తురాలు. మే నెలలో లోకమంతా పచ్చబడ్డాక కూడా బొగ్గుపలుకుల్లాంటి నల్లమొగ్గలు బిగించుకుని నిలబడుతుంది. కాబట్టి జోబ్ ఏటా ఒకసారి చచ్చి బతికేవాడు.

ఒక శరత్కాలంలో ఆ మాను మీద, నరకాల్సిన చెట్లకు వేసే సున్నపు గుర్తు పడింది.

"గుర్తేశారే థిర్జా, నా మీద!"

"నీ మీద కాదయ్యా, చెట్టు మీద. సూపు చల్లారిపోతోంది, తాగు."

"నేను పోతే ఏం చేస్తావు?"

"ముందు కంటినిండా నిద్రపోతా."

జోబ్ టోపీ చేతబట్టుకుని ఎస్టేటు మేనేజరు పోకాక్ దగ్గరకు వెళ్లాడు.

"అయ్యా, ఆ ఒక్కటీ వదిలేయండి. చిన్నప్పుడు నన్ను అందులోంచే..."

"అందులో దూరావా? ఇప్పుడు దూరి చూపించు, వదిలేస్తా!" పోకాక్ అతని పొట్ట వైపు చూసి నవ్వాడు. "బండికాడికి పనికొచ్చే సూటి మాను అదొక్కటేనోయ్."

"పోనీ కొట్టేముందు కబురు చేస్తారా?"

"దేనికి?"

"మంచం మీద పడుకుని ఉంటాను."

ఆ రోజు రానే వచ్చింది. తీరా మంచం మీద ఉండలేకపోయాడు. థిర్జా అతని పొట్ట చుట్టూ మందపాటి గుడ్డ బిగించి కట్టింది. "నమ్మి కాదు, చలికి," అంది. ముడి మాత్రం రెండుసార్లు వేసింది.

కంచె చాటున రెండు చేతులతో పొట్ట అదుముకుని నిలబడ్డాడు జోబ్. రంపం కదిలినప్పుడల్లా ఊపిరి బిగబట్టాడు. చెట్టు పడింది. జోబ్ పడలేదు.

"జోబ్ మామా, ఇలా రా!" రంపం పట్టినవాడు కేకేశాడు. "చిత్రం చూడు. ఇది అతుక్కోనే లేదు!"

పైన బెరడు నిండుగా కప్పుకుంది. లోపల మాత్రం చీలిక చీలికలాగే ఉంది, అందులో ఎండిన బంకమట్టితో సహా.

ఇంకెవడైనా అయితే పీడా పోయిందనుకునేవాడు. జోబ్ తర్కం వేరు. చెట్టు అతుక్కోలేదంటే తానూ అతుక్కోలేదు. ఇన్నాళ్లూ పైతోలు మాత్రమే కాపాడుకొచ్చిందన్నమాట. ఆ చలికాలమంతా గట్టిగా దగ్గలేదు, తుమ్ము వస్తే ముక్కు నొక్కుకున్నాడు, బొగ్గుల బకెట్టు ఎత్తలేదు. నవ్వడం మానేశాడు, అది పెద్ద త్యాగమేమీ కాదు.

మే వచ్చింది. పక్కనున్న ఓక్ చెట్టు చిగురించింది, నరికిన యాష్ మొద్దు మోడుగానే ఉంది. జోబ్ వీలునామా గురించి మాట్లాడాడు. రాసివ్వడానికి ఏముందని థిర్జా అడిగింది. ఆ వారం చివర మొద్దు అంచున నల్లమొగ్గలు విచ్చాయి. వాటిలోంచి లేత పిలకలు గుంపుగా లేచాయి.

"బతికింది కదయ్యా, ఇకనైనా సంతోషించు!"

"ఎలా సంతోషించమంటావు?" జోబ్ ముఖం పాలిపోయింది. "నిన్నటిదాకా ఒక్క మాను. ఇప్పుడు ఇన్ని పసికూనలు! దూడలకు యాష్ చిగురంటే ఎంత ఇష్టమో తెలుసా?"

 మొద్దు చుట్టూ పాతడానికి కంచెగుంజలు థిర్జా తనే భుజానికెత్తుకుంది. "బరువులు నేను మోస్తాగానీ, నువ్వు పొట్ట పట్టుకుని నడువు."

కంచె పూర్తయ్యేసరికి అవతల ఒక ఎర్రదూడ వచ్చి, పైనుంచి మెడ చాచి పిలకల వైపు చూస్తోంది. జోబ్ పొట్టకట్టు బిగించుకుని, కర్ర పట్టుకుని దాని ఎదురుగా కూర్చున్నాడు.