వకీలు అన్వర్ బాషా తిరుగుబంతి

రాయచోటి కోర్టులో ఉన్నన్నాళ్ళూ అన్వర్ బాషాకు కాలు నిలిచేది కాదు. వాయిదాకూ వాయిదాకూ మధ్య కాలుగాలిన పిల్లిలా తిరిగేవాడు. అలా తిరిగి తిరిగి కువైట్ చేరాడు. అక్కడ పరాయి దేశపు వకీలుకు నల్లకోటు ఎవరిస్తారు? మిర్కాబ్‌లో ఒక అరబ్బు వకీలు దగ్గర మనవాళ్ళ ఇఖామా (నివాస అనుమతి) తగాదాలు రాసిపెట్టేవాడు. మనసంతా శుక్రవారం మీదే.

శుక్రవారమంటే ఇసుక మైదానంలో క్రికెట్టు. వారానికొక్క సెలవు, అందులో సగం బంతి వెతుక్కోవడానికే సరి. లోకంలో సగం యంత్రాలు ఇలాంటి విసుగులోంచే పుట్టి ఉంటాయి. బాషా విసుగూ ఒకదాన్ని కనింది: కింద ఇనుప కడ్డీ, మధ్యన అర్దియా గ్యారేజీలో ఏరుకున్న స్ప్రింగు, పైన గట్టి రబ్బరు గొట్టం, కొసన బంతి. కొడితే పోయి, మళ్ళీ బ్యాటు ముందుకే వచ్చేది. తిరుగుబంతి అని పేరు పెట్టాడు. ఊరికి తీసుకుపోయి తన పేరు మీద హక్కు రాయించుకోవాలని ఆశ.

అంతలో తొంభయ్యో సంవత్సరపు ఆగస్టూ, కువైట్ మీదికి ఇరాక్ ట్యాంకులూ కలిసే వచ్చాయి. బస్రా మీదుగా అమ్మాన్ పోయే బస్సు దొరికేసరికి సెప్టెంబరయింది. సూట్‌కేసు వదిలేసి, తిరుగుబంతిని గోనెసంచిలో చుట్టుకుని ఎక్కాడు.

పక్కసీట్లో సిద్ధమ్మ, ఇళ్ళల్లో పనిచేసిన కడప మనిషి. "మా మామా, అదే నేను పంజేసిన ఇంటామె, బంగారమే ఇడిసిపెట్టి పాయ. నువ్వేంది సారూ, ఈ కడ్డీ మోస్తాండావు?"

"కడ్డీ కాదమ్మా, రేపు నా పేరు నిలబెట్టేది ఇదే."

సరిహద్దులో ఒక ఇరాకీ సిపాయి సంచి విప్పాడు. వైర్‌లెస్ ఏరియల్ అన్నాడు. తప్పు ఎక్కడ జరిగిందంటే, బాషా చేతులు జోడించకుండా వాదనకు దిగాడు. ఏరియల్ అనడానికి ఆధారమేది, సాక్షి ఎవరు అని వచ్చీరాని అరబ్బీలో నిలదీశాడు. సిపాయి తుపాకీ ఎత్తి బస్సు మొత్తాన్నీ కిందికి దింపాడు.

"నీ నోరు కుట్టెయ్య! అందర్నీ సంపుతావా? ఆడి సూపిచ్చు!" అంది సిద్ధమ్మ.

బాషా కడ్డీని ఇసుకలో గుచ్చి, డ్రైవరు దగ్గరున్న పారను బ్యాటులా అందుకున్నాడు. చిక్కల్లా ఏమంటే, చేసినవాడికి ఆట పిచ్చే గానీ ఆడటం రాదు. మొదటి దెబ్బ గాలికి పోయింది. రెండోది తగిలింది, బంతి పోయింది, తిరిగొచ్చి నుదుటి మీద కొట్టింది.

సిపాయి పడిపడి నవ్వాడు. పార లాక్కుని తనూ ఒకటి కొట్టాడు. ఇంకొకటి. వెనక మిగతా సిపాయిలు వంతుకు నిలబడ్డారు. "యల్లా, పొండి" అని బస్సుకు చెయ్యి ఊపాడు గానీ, ఆ వస్తువును వదల్లేదు.

"నాది..." అన్నాడు బాషా.

"ఖలాస్ సారూ, అయిపాయ. ఎక్కు!" అంది సిద్ధమ్మ.

బస్సు కదిలింది. కిటికీలోంచి చూస్తుంటే గట్టి దెబ్బకు కడ్డీ ఊడి పక్కకు ఒరిగింది. బాషా తల బయటపెట్టి, గొంతు చించుకుని అరిచాడు: "లోతుగా పాతండి! కింద బరువు చాల్లేదు!"

"వాళ్ళు పాతాల్సింది దాన్ని కాదు, నిన్ను. కూచో!" సిద్ధమ్మ చొక్కా పట్టి లాగింది.

కూర్చుంటేగా? బస్సు మధ్యలో నిలబడి, ఊగుతూ, కింద దిమ్మె ఎంత వెడల్పుండాలో గాలిలో చేతులతో కొలుస్తూనే ఉన్నాడు.