జమ్మలమడుగులో వినపడని తుమ్ము

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో ప్రొద్దుటూరులో మాది అయిదుగురి ఇంగ్లీషు బ్యాండు. నేను క్లారినెట్. మాకు వచ్చినవన్నీ సినిమా పాటలే. మమ్మల్ని ఎవరూ మేళం కింద లెక్కపెట్టేవారు కాదు. ఊరేగింపు అయ్యాక పందిరి బయటే కూర్చోబెట్టేవారు.

జమ్మలమడుగులో ఒక పెళ్లి. పులివెందుల నుంచి రావలసిన నాదస్వరం వాళ్లు పెన్న పొంగి అవతలి గట్టున చిక్కుకున్నారు. ముహూర్తం దగ్గరపడింది. పెళ్లికూతురి తండ్రి మా దగ్గరికి పరుగున వచ్చాడు.

"గట్టిమేళం వచ్చునాప్పా మీకు? తాళి కట్టేటప్పుడు ఎవురిదన్నా తుమ్ము ఇనపడితే నా కొంప మునుగుతాది!"

"రాకేం, శానా బాగా వచ్చు" అనేశాడు మా మాస్టరు మస్తాన్ మామ. మాలో ఎవరికీ అది రాదు. మామ మావైపు తిరిగి, "ఎవురికి ఏ పాట వస్తే అది, గట్టిగా వాయించండప్పా" అన్నాడు.

పురోహితుడు వేలెత్తాడు. ఊదేవాళ్లం నలుగురం నాలుగు పాటలు అందుకున్నాం. డ్రమ్ము దాని దారిన అది మోగింది. పిల్లలు గుక్కపట్టారు, బండి ఎద్దు పలుపు తెంచుకుంది. సరిగ్గా అప్పుడే పెళ్లికొడుకు తాత ముఖం పైకెత్తి, ఒళ్లంతా ఊగేలా తుమ్మాడు. చూశామే గాని, చప్పుడు ఎవరికీ వినపడలేదు.

పెళ్లికూతురి తండ్రి మామను కావలించుకున్నాడు. "పక్కనే ఉండా, నాకే ఇనపల్లేదు! మేళమంటే ఇదప్పా!"

ఆ పూట పందిట్లో, మొదటి బంతిలోనే మాకు ఆకులు వేశారు. తర్వాత నాదస్వరం ఉన్న పెళ్లిళ్లకు కూడా గట్టిమేళానికి మమ్మల్నే పిలిచారు.

ఇప్పటికీ ఏ పెళ్లిలోనైనా తుమ్ము వినపడితే, "మేముంటేనా!" అనుకుంటాను.