ఆవిరికి ఆకలి ఉండదు

మా బావ పోయారని ఆదోని నుంచి వచ్చిన బస్సు డ్రైవరు చెప్పినప్పుడు నేను ఎమ్మిగనూరులో మగ్గం మీద ఉన్నాను. లేచి నిలబడ్డాను. కూర్చున్నాను. మళ్లీ లేచాను. ఇప్పటికీ ఒకచోట కుదురుగా ఉండలేకపోతున్నాను. నాకు చదువు మీద ఆశ పుట్టించింది ఆయనే. ఈ నాలుగు ముక్కలు రాయగలగడం కూడా ఆయన చలవే.

ఆయన మా అక్క భర్త. ఆదోనిలో హైస్కూలు పిల్లలకు సైన్సు చెప్పేవారు. కుదురు ఆయనకూ తక్కువే. అన్నం ముందు నుంచి లేచి, చెంబుకు చెమట ఎందుకు పడుతుందో చెప్పి, వచ్చి మళ్లీ కూర్చునేవారు.

పత్తి మిల్లులు పెరిగాక ఊళ్లో అందరి నోటా యంత్రాల మాటలే. అలసిన ముసలాయన "స్టీము అయిపోయిందప్పా" అనేవాడు. కోడలు గొంతు పెంచితే అత్త "దీనికి ప్రెషరు ఎక్కింది" అనేది. బావకు ఇవి గిట్టేవి కావు. ఒకసారి మంగలి ఎవరినో మెచ్చుకుంటూ, "ఆయప్ప మాటల్లో అయస్కాంతముండాది సారూ" అన్నాడు. సగం గడ్డంతోనే బావ లేచారు. "అయస్కాంతం ఇనుమును లాగుతాది. నువ్వేమన్నా ఇనుమువా?"

"మాటే కదా, పోనియ్యండి. ఊరోళ్ల నోళ్లన్నీ కట్టేస్తారా?" అనేది అక్క.

"మాట వదులైతే ఆలోచనా వదులైతాది" అనేవారాయన.

యుద్ధం రోజుల్లో నూలు కరువైంది. మగ్గాలు ఆగిపోయాయి. ఎమ్మిగనూరులో ఒక వ్యాపారి నూలు బేళ్లు దాచాడని తెలిసి, నేతవాళ్లంతా అతని వాకిట్లో గుమిగూడారు. అతను లోపల గడియ పెట్టుకున్నాడు. మా నాయన చేతిలో కూడా రాయి ఉంది. అక్కను పుట్టింటికి తీసుకొచ్చిన బావ, గుంపును తోసుకుంటూ వెళ్లి తలుపు తట్టారు.

"శెట్టీ, మిల్లులో బాయిలరు చూసినావు కదా. ఆవిరి పోయేకి దారి లేకపోతే ఏమైతాది?"

కాసేపటికి లోపలి నుంచి గొంతు వినిపించింది. "పగులుతాది."

"ఈడ కూడా అంతే. తలుపు తీసి మాట్లాడు. నేను నీ ముందర నిలబడతా."

తలుపు తెరుచుకుంది. ఎక్కడి నుంచో ఒక రాయి వచ్చి బావ భుజానికి తగిలింది. ఆయన కదలలేదు. ఆయన అంత నిశ్చలంగా నిలబడటం నేను చూసింది అప్పుడే. మా నాయన చేతిలో రాయి కింద పడేశాడు. పొద్దుగూకేలోగా ప్రతి మగ్గానికీ నూలు అందింది.

ఊరంతా మెచ్చుకున్నా ఆయనకు నెమ్మది లేదు. మా వరండాలో అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నారు.

"తప్పు మాట చెప్పినానప్పా."

"ఆ మాటతోనే కదా బావా, తలకాయలు పగలకుండా పోయింది?" అన్నాను.

"ఆవిరికి ఆకలి యాడుంటాది? ఇండ్లలో పిల్లోళ్లు పస్తుండారు. ఆ మాట ఎంతమంది చెప్పినా తలుపు తీయలేదు. బాయిలరంటే తీసినాడు. అదే నన్ను కూర్చోనీయకుండా ఉంది."

ఆ తర్వాత ఆయన వీధిలో ఎవరి మాటనూ దిద్దగా నేను చూడలేదు. స్టీము అయిపోయిందని ఎవరైనా అంటే, ఆగి, "తిన్నావా?" అని అడిగేవారు.

ఆయన్ను చివరిసారి చూసింది ఆదోని స్టేషన్‌లో. నేను గుంతకల్లు పోతున్నాను. బండి కదిలింది. కిటికీ పక్కన నడుస్తూ ఏదో చెబుతున్నారు. చక్రాల చప్పుడులో నాకు వినపడలేదు. ప్లాట్‌ఫారం అయిపోయింది. ఆయన కంకర మీదికి దిగి, ఒక చేత్తో పంచె ఎత్తిపట్టుకుని, ఇంకా చెబుతూనే నడుస్తున్నారు.